గుండ్రని అక్షరానికి పదునైన కన్ను కావాలి

డిజైన్ చదువుతానని ఇంట్లో చెబితే పెద్దవాళ్లు ముందుగా అడిగేది ఫ్యాషనా, యానిమేషనా అని. అక్షరాలు గీసే పని ఒకటుందని, దానికి జీతాలిచ్చే సంస్థలున్నాయని, అందులో తెలుగు బాగా తెలిసినవాళ్ల కొరత ఇంకా తీరలేదని చాలా ఇళ్లలో తెలియదు. పొద్దున్నే ఫోన్ చూసిన దగ్గర్నుంచి రాత్రి పక్కన పెట్టేదాకా మనం చదివే ప్రతి మాటా ఎవరో కూర్చుని గీసిన అక్షరాల్లోనే మన కంటికి చేరుతుంది. ఆ గీసేవాళ్లే టైప్ డిజైనర్లు.

వాళ్ల రంగాన్ని పైపైన చుట్టి రావడం కన్నా ఒకే రకం అక్షరాన్ని పట్టుకుని లోపలికి వెళ్తే పని స్వభావం బాగా అర్థమవుతుంది. అందుకు నేను ఎంచుకున్నది గీతల కొసలు గుండ్రంగా ఉండే జామెట్రిక్ సాన్స్ సెరిఫ్. పిల్లల చదువుల యాప్‌లలో, పాల ప్యాకెట్ల మీద, దంతవైద్యుల బోర్డుల మీద దీన్ని మీరు రోజూ చూస్తూనే ఉంటారు. వృత్తాలు, గీతలు తప్ప ఇందులో ఏముంది, ఇంతకన్నా సులువైన ఫాంట్ ఉంటుందా అనిపిస్తుంది. కానీ ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్ల కన్ను ఎంత పదునెక్కిందో తేల్చి చెప్పేది ఈ సులువైన అక్షరమే.

పనిముట్టు ఇచ్చిన రూపం

అక్షరపు గీత చివర కనిపించే చిన్న అడ్డగీతను సెరిఫ్ అంటారు. అది లేనివి సాన్స్ సెరిఫ్‌లు. వాటిలో వృత్తాన్ని, సరళరేఖను ఆధారం చేసుకుని గీసినవి జామెట్రిక్ రకం. జర్మనీలో పాల్ రెన్నర్ గీయగా 1927లో విడుదలైన ఫ్యూచురా ఈ రకంలో అందరూ ముందు తలచుకునే పేరు. అందులో ఇంగ్లిష్ ఓ దాదాపు నిండు వృత్తం. ఇలాంటి అక్షరాల గీతలను చివర్లో కోసేసినట్టు వదిలేయకుండా అర్ధవృత్తంగా మలిస్తే రౌండెడ్ జామెట్రిక్ సాన్స్ అవుతుంది.

గుండ్రని కొసలు ముద్దుగా ఉంటాయని ఎవరో ముచ్చటపడి మొదలుపెట్టలేదు. లోహపు పలక మీద, ప్లాస్టిక్ మీద అక్షరాలు చెక్కే యంత్రానికి ఉండే బిట్ గిర్రున తిరుగుతుంది కాబట్టి అది ఆగిన చోటల్లా కొస గుండ్రమవుతుంది. ఇంజినీరింగ్ డ్రాయింగుల్లో స్టెన్సిల్ పెట్టి గీసే సిరా పెన్నుల ములికి సన్నటి గొట్టం. దాని గీతకూ కొసలు గుండ్రమే. నియాన్ దీపాల గాజు గొట్టాలూ అంతే. పనిముట్టు నుంచి వచ్చిన రూపాన్ని డిజైనర్లు తర్వాత కావాలని ఎంచుకోవడం మొదలుపెట్టారు.

ఆ ఎంపికకు 1979 మంచి ఉదాహరణ. వోక్స్‌వ్యాగన్ సంస్థ తన కార్ల డీలర్లను, ఆడి కార్ల డీలర్లను ఒకే గొడుగు కిందకు తెచ్చింది. అప్పటికి వోక్స్‌వ్యాగన్ ప్రకటనలకు ఫ్యూచురా గుర్తుగా స్థిరపడి ఉంది. కొత్త వ్యవస్థకు రెండు పేర్లలో ఏ ఒక్కదానికీ చెందని అక్షరం కావాలి. అలా వచ్చింది వాగ్ రౌండెడ్. షోరూమ్ బోర్డు నుంచి కాగితాల దాకా అదే వాడారు. కార్ల కోసం పుట్టిన ఈ అక్షరం తర్వాత కంప్యూటర్ల మీదికి చేరింది. ఆపిల్ ల్యాప్‌టాప్‌ల కీబోర్డు మీటల మీద ఏళ్ల తరబడి ఉన్నది ఇదే. 2015 మ్యాక్‌బుక్‌తో దాని స్థానంలోకి ఆపిల్ సొంత ఫాంట్ శాన్ ఫ్రాన్సిస్కో వచ్చింది. ఒక అక్షరం ఇలా ఒక కంపెనీ గుర్తింపుగా పుట్టి, మరో కంపెనీ చేతికి చేరి, చివరికి అందరి వేళ్ల కిందా ఉండిపోవడం ఈ వృత్తిలో నాకు బాగా ఇష్టమైన విషయం.

ఉచితంగా దొరికే వాటిలో మీరు ముందు చూడాల్సినవి కంఫర్టా, క్విక్‌సాండ్, నునీటో. కంఫర్టాను యోహాన్ ఆకర్లుండ్ పెద్ద సైజుల్లో వాడటానికని గీశారు. దాన్ని పేరాగ్రాఫులకు వాడి చదవలేకపోతున్నామని ఫిర్యాదు చేయడం అన్యాయం. క్విక్‌సాండ్ కథ విద్యార్థులకు ఇంకా ఎక్కువ నేర్పుతుంది. 2008లో ఆండ్రూ పగ్లినావన్ రేఖాగణిత ఆకారాలను ఆధారం చేసుకుని దాన్ని మొదలుపెట్టారు. 2016లో ఆయనతో కలిసి థామస్ జాకిన్ అక్షరం అక్షరం మళ్లీ సరిచేశారు. 2019లో మిర్కో వెలిమిరోవిచ్ దాన్ని బరువులన్నీ ఒకే ఫైల్లో ఇమిడే వేరియబుల్ ఫాంట్‌గా మార్చారు. నునీటోను వెర్నాన్ ఆడమ్స్ గుండ్రని కొసలతో ప్రారంభిస్తే, జాక్ ల బైయ్ ఆ కుటుంబాన్ని సన్నం నుంచి లావు దాకా అన్ని బరువుల్లోకి విస్తరించి, కొసలు గుండ్రంగా లేని తోడు ఫాంట్‌ను కూడా జత చేశారు. విడుదలైన ఫాంట్‌తో పని ముగిసిపోదు. దాన్ని సరిచేయడం, విస్తరించడం, మరో లిపిని జోడించడం, కొత్త సాంకేతికతకు మార్చడం అన్నీ జీతమిచ్చే పనులే. కొత్తగా వచ్చినవాళ్లకు సొంత ఫాంట్ కన్నా ముందు దొరికేవీ ఇవే.

మెత్తగా కనిపించడం వెనుక

గుండ్రని అక్షరం స్నేహంగా అనిపిస్తుందని బ్రాండింగ్ సంస్థలు నమ్ముతాయి. ఆ నమ్మకానికి ఆధారం బొత్తిగా లేకపోలేదు. వంపులున్న ఆకారం, ముళ్ల ఆకారం చూపించి వీటిలో బూబా ఏది, కీకీ ఏది అని అడిగితే అత్యధికులు వంపుల దాన్ని బూబా అంటారు. 1929లో వోల్ఫ్‌గాంగ్ కోలర్ ఇలాంటి ప్రయోగం గురించే రాశారు. బూబా, కీకీ అన్న పేర్లతో దాన్ని 2001లో ప్రచారంలోకి తెచ్చింది వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్. ఆకారానికీ మనసులో కలిగే భావానికీ ఏదో ముడి ఉందనే దాకా దీన్ని నమ్మొచ్చు. గుండ్రని ఫాంట్ పెట్టగానే బ్యాంకు మీద నమ్మకం పెరుగుతుందని ఎవరైనా ప్రెజెంటేషన్‌లో చెబితే ఆధారం అడగండి.

వాడకంలో ఈ అక్షరానికి హద్దులున్నాయి. శీర్షికలు, బటన్లు, లోగోలు, పిల్లల పుస్తకాల్లో పెద్ద అక్షరాలు, దారి చూపే బోర్డులు దీని సొంత ఇల్లు. భాషలు నేర్పే డ్యూలింగో యాప్ నిండా కనిపించేది ఇలాంటి గుండ్రని అక్షరమే. నవల, పత్రికలో సంపాదకీయం, కోర్టు నోటీసు లాంటివి దీని చోట్లు కావు. నిండు వృత్తానికి పక్కన ఒక గీత పెట్టి చిన్న ఏ గీస్తే, చిన్న సైజులో అది ఓ లాగే కనిపిస్తుంది. పెద్ద ఐ, చిన్న ఎల్, ఒకటి అంకె మూడూ ఒట్టి నిలువు గీతలైపోతే పాస్‌వర్డు, ఖాతా నంబరు చదివేవాళ్లు తడబడతారు. చిన్న బి, డి, పి, క్యూ నాలుగూ ఒకే ఆకారాన్ని తిప్పి పెట్టినవైతే అప్పుడే అక్షరాలు దిద్దుతున్న పిల్లలకు కష్టం. ఇంటర్వ్యూలో ఫలానా ఫాంట్ ఎందుకు వాడారు అని అడిగినప్పుడు బాగుందని చెప్పే అభ్యర్థికి, ఇక్కడ అంకెలు ఎక్కువ కాబట్టి ఇది వాడలేదు అని చెప్పే అభ్యర్థికి మధ్య తేడా వెంటనే తెలిసిపోతుంది.

వృత్తం వృత్తంలా కనిపించదు

కంప్యూటర్లో వృత్తం గీయడానికి ఒక్క క్షణం చాలు. అలా ఒక ఓ గీసి, సరిగ్గా అంతే ఎత్తున్న హెచ్‌ను దాని పక్కన పెట్టండి. ఓ చిన్నగా కనిపిస్తుంది. హెచ్ కాళ్లు తమ వెడల్పంతా ఆనించి నిలబడతాయి. ఓ మాత్రం ఒక్క బిందువు దగ్గర తాకి వంగిపోతుంది. అందుకని గుండ్రని అక్షరాలను పైహద్దు దాటించి కొంచెం పైకి, కింది హద్దు దాటించి కొంచెం కిందికి పెంచుతారు. దీన్ని ఓవర్‌షూట్ అంటారు. వెయ్యి యూనిట్ల ఎత్తు చట్రంలో గీసే ఫాంట్‌లో ఇది సాధారణంగా పది పదిహేను యూనిట్లు. అంత చిన్న కొలత తప్పితే చదివేవాడికి తప్పేమిటో తెలియదు కానీ, పదం ఎగుడుదిగుడుగా ఉందని మాత్రం తెలుస్తుంది.

మందం కూడా కంటిని మోసం చేస్తుంది. ఒకే మందంతో నిలువు గీత, అడ్డగీత గీస్తే అడ్డగీత లావుగా కనిపిస్తుంది. కాబట్టి దాన్ని కొంచెం సన్నం చేయాలి. అంటే అన్ని చోట్లా ఒకే మందం ఉందని మనం అనుకునే జామెట్రిక్ ఫాంట్‌లో గీతల మందం నిజానికి ఒకటి కాదు. చిన్న ఎన్‌లో నిలువు గీత నుంచి వంపు బయల్దేరే చోట రెండు గీతలు కలిసి నల్లటి మచ్చ కడుతుంది. అక్కడ వంపును మెల్లగా పలచన చేయాలి. వృత్తాన్ని ఉన్నదున్నట్టు లావు చేస్తే లోపలి ఖాళీ గుడ్డిదైపోతుంది. దాన్ని కాపాడటానికి అక్షరం వెడల్పు పెంచాలి.

ఇక గుండ్రని కొసల సంగతి. అర్ధవృత్తంతో ముగిసిన గీత చదరంగా ముగిసిన గీత కన్నా పొట్టిగా అనిపిస్తుంది కాబట్టి దాన్ని కాస్త పొడిగించాలి. లావు బరువుల్లో ఆ అర్ధవృత్తం మరీ పెద్దదై అక్షరమంతా ఉబ్బిపోతుంది. అక్కడ పూర్తి అర్ధవృత్తం మానేసి మూలలు మాత్రమే మెత్తబరిచే డిజైనర్లున్నారు. ఉన్న ఫాంట్‌ను తీసుకుని సాఫ్ట్‌వేర్‌లో మూలలు గుండ్రం చేసే మీట నొక్కి, ఇదిగో నా రౌండెడ్ ఫాంట్ అనేవాళ్ల పని ఇక్కడే బయటపడుతుంది. కొసలు గుండ్రమవుతాయి కానీ పొట్టివైపోతాయి. కలిసే చోట్ల గడ్డలు కడతాయి. చూడటం తెలిసినవాళ్లు ఆ పనిని అరనిమిషంలో పక్కన పెట్టేస్తారు.

అక్షరాల మధ్య ఖాళీ గురించి ఒక మొత్తం పుస్తకం రాయొచ్చు. రెండు హెచ్‌ల మధ్య ఉంచినంత దూరం రెండు ఓల మధ్య ఉంచితే అవి విడిపోయినట్టుంటాయి. ఈ రకం ఫాంట్‌లో వృత్తాలు ఎక్కువ కాబట్టి ఖాళీల పని ఇంకా ఎక్కువ. పని నేర్చేవాళ్లు గీత మీద నెలలు గడిపి ఖాళీని చివరి వారానికి వదిలేస్తుంటారు. నా అభిప్రాయంలో సగం సమయం ఖాళీకే ఇవ్వాలి.

బరువుల విషయంలో లెక్క కొంత సాయపడుతుంది. అతి సన్నం, అతి లావు రెండు రూపాలు గీస్తే మధ్యవి కంప్యూటర్ లెక్కకట్టి ఇస్తుంది. ఆ రెండింటిలోనూ ప్రతి అక్షరానికి బిందువుల సంఖ్య, వరుస ఒకటే కావాలి. అందుకే మొదటి రోజు నుంచే వంపుల పైన, కింద, పక్కల చివరి అంచుల్లో మాత్రమే బిందువులు పెట్టి, తక్కువ బిందువులతో గీయడం అలవాటు చేసుకోండి. 2016లో అడోబీ, ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రకటించిన వేరియబుల్ ఫాంట్ల పద్ధతి ఈ లెక్క మీదే నడుస్తుంది. ఒకే ఫైల్లో బరువులన్నీ ఇమిడిపోతాయి.

మన గుండ్రం వేరు

తెలుగు అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం, మనకు ఇది వెన్నతో పెట్టిన విద్య అనుకోవడం సహజం. తాటాకు మీద గంటంతో నిటారు గీతలు గీస్తే ఆకు చీలిపోతుంది కాబట్టి మన లిపి వంపులు తిరిగిందని చాలామంది చెబుతారు. కారణం ఏదైనా, మన గుండ్రం కంపాసు గీసిన గుండ్రం కాదు. అది చేతి కదలికలోని గుండ్రం. ఒక వంపు మొదలై, బిగిసి, వదులై, మరో వంపులోకి వెళ్తుంది. దాన్ని నిండు వృత్తంలోకి నెడితే అక్షరం ప్రాణం పోతుంది.

సున్న, ర, ఠ ఒకే వృత్తం నుంచి తీసి చూడండి. తేడా అంతా తలకట్టు మీద, లోపలి చుక్క మీద పడుతుంది. లావు బరువులో ఆ చుక్కకు చోటుండదు. పైన తెరిచి ఉంటే ప, మూసుకుంటే వ. కొసలు గుండ్రం చేసి బరువు పెంచుతూ పోతే ఆ తెరిచిన సందు మూసుకుపోయి పాట కాస్తా వాటలా కనిపిస్తుంది. ద, ధ మధ్య, డ, ఢ మధ్య తేడా కింద ఉన్న ఒక చిన్న గీత. గుండ్రని కొస వచ్చేసరికి ఆ గీత ఒట్టి బొట్టులా మారుతుంది. దాన్ని ఎంత పొడవు ఉంచాలో, అక్షరం నుంచి ఎంత దూరం జరపాలో ఏ ఇంగ్లిష్ ఫాంట్ పుస్తకమూ చెప్పదు. తెలుగు చదువుతూ పెరిగిన కన్నే చెప్పాలి.

తర్వాత ఒత్తులు. రాష్ట్రం అన్న మాటలో ష కింద ట ఒత్తు, క్రావడి రెండూ పట్టాలి. శాస్త్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం ఇంకా గట్టి పరీక్షలు. పైన గుడి, గుడిదీర్ఘం, ఏత్వం కూడా ఉంటాయి కాబట్టి తెలుగు వరుసకు ఇంగ్లిష్ వరుస కన్నా ఎక్కువ ఎత్తు కావాలి. ఇంగ్లిష్‌కు కొలిచి పెట్టిన బటన్‌లో తెలుగు మాట పెట్టగానే కింది ఒత్తు తెగిపోవడం మీరు ఎన్నో యాప్‌లలో చూసే ఉంటారు. అక్షరాలను కుదించి అందులో ఇరికిస్తే చదవలేం, బటన్ ఎత్తు పెంచితే ఇంగ్లిష్ డిజైన్ చెడుతుంది. ఈ తగువు తీర్చగలిగినవాడికి యాప్ కంపెనీలో గౌరవం ఉంటుంది.

ఇంగ్లిష్‌కు రెండు మూడు వందల ఆకారాలతో పని గడుస్తుంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు గీసుకుంటూ పోతే ఐదారు వందలు తేలిగ్గా దాటుతుంది. గీస్తే సరిపోదు, వాటిని నడిపించాలి కూడా. కంప్యూటర్లో అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్ తెలుగుకు కేటాయించింది 128 స్థానాలే. మిగతా రూపాలన్నీ ఏ అక్షరం పక్కన ఏది వస్తే ఏ ఆకారం చూపాలో చెప్పే ఓపెన్‌టైప్ నియమాలతో తయారవుతాయి. ఆ నియమాలు రాసేవాళ్లు ఫాంట్ ఇంజినీర్లు. బొమ్మలు గీయడం రాదని వెనక్కి తగ్గే కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఇది చక్కటి తలుపు. పైథాన్ వచ్చి, ఫాంట్‌టూల్స్ లైబ్రరీ, హార్ఫ్‌బజ్ అనే అక్షరాలు పేర్చే ఇంజిన్ ఎలా పనిచేస్తాయో తెలిసి, సంయుక్తాక్షరం ఎక్కడ విరిగిందో తెలుగువాడి కంటితో పట్టుకోగలిగినవాళ్లు దేశం మొత్తం మీద కొద్దిమందే.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవాళ్లున్నారు. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు రాజ్యమేలిన కాలంలో పేజీ అచ్చులో అందంగా ఉండేది కానీ, అదే పాఠాన్ని ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపించేవి. యూనికోడ్‌లో పోతన, వేమన ఫాంట్లను తిరుమల కృష్ణ దేశికాచార్యులు ఉచితంగా అందించారు. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా సిలికానాంధ్ర విడుదల చేసిన గిడుగు, గురజాడ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా దించుకోవచ్చు. ముంబైకి చెందిన ఎక్ టైప్ సంస్థ బాలూ కుటుంబంలో తెలుగుకు బాలూ తమ్ముడు అని పేరు పెట్టింది. మెత్తని కొసలు, లావైన ఒళ్లు ఉన్న శీర్షికల ఫాంట్ అది. మొదట ఒకే బరువుతో వచ్చి, తర్వాతి రూపంలో ఐదు బరువులైంది. గుండ్రని తెలుగు ఎలా ఉండొచ్చో తెలుసుకోవడానికి దాన్ని పెద్దది చేసి అక్షరం అక్షరం పరిశీలించండి. అదే సంస్థ 2022లో విడుదల చేసిన అనేక్ తెలుగులో బరువు, వెడల్పు రెండూ మారతాయి. పుస్తకాల తెలుగు కోసం టైరో తెలుగు ఉంది.

అయినా క్విక్‌సాండ్ లాంటి సన్నని గుండ్రని ఇంగ్లిష్ పక్కన కూర్చోగలిగిన తెలుగు కోసం వెతికితే ఎంపిక చాలా తక్కువ. ఏదో ఒక మామూలు తెలుగు ఫాంట్ తెచ్చి పక్కన పెట్టేస్తారు. ఇంగ్లిష్ మాట నవ్వుతూ, తెలుగు మాట ప్రభుత్వ నోటీసులా కనిపిస్తుంది. మన భాష మాట్లాడేవాళ్లు కోట్లలో ఉన్నారు. వాళ్ల ముందుకు మన అక్షరం ఇలా రెండో తరగతి వేషంలో రావడం నాకు బాధగా ఉంటుంది. ఈ పని ఎవరో బయటివాళ్లు వచ్చి చేసిపెట్టే దాకా ఎదురుచూడనక్కర్లేదు.

కొలువులు ఎక్కడ

ముందు ఉన్నమాట. అక్షరాలు మాత్రమే గీసే పూర్తికాలపు ఉద్యోగాలు తక్కువ. పీటర్ బిల్యాక్, సత్య రాజ్‌పురోహిత్ కలిసి 2009లో ప్రారంభించిన ఇండియన్ టైప్ ఫౌండ్రీ, ముంబైలో ఎక్ టైప్, బెంగళూరులోనూ ఐస్‌లాండ్‌లోనూ పనిచేసే యూనివర్సల్ థర్స్ట్, నోయిడాలో కార్యాలయం ఉన్న మోనోటైప్ వంటివి గుర్తుంచుకోవాల్సిన పేర్లు. వీటిలో సీట్లు కొద్ది. కాబట్టి మొదటి ఉద్యోగం యాప్ స్క్రీన్లు రూపొందించే యూఐ విభాగంలోనో, బ్రాండింగ్ స్టూడియోలోనో, ప్యాకేజింగ్‌లోనో, పత్రిక పేజీల విభాగంలోనో, సినిమా టైటిళ్ల పనిలోనో దొరకొచ్చు. ఇందులో చిన్నతనం లేదు. సినిమా టైటిల్‌కు ఎనిమిది అక్షరాలు చేత్తో గీసినవాడికి పోస్టరు దూరం నుంచి ఎలా కనబడుతుందో తెలుస్తుంది. యూఐలో పనిచేసినవాడికి చవక ఫోన్ తెర మీద ఒత్తు ఎలా మసకబారుతుందో తెలుస్తుంది. ఈ రెండు అనుభవాలూ ఫాంట్ గీసే రోజున పనికొస్తాయి. కంపెనీల యాప్‌లను తెలుగులోకి తెచ్చే లోకలైజేషన్ బృందాల్లో అక్షరాలు సరిగ్గా పడుతున్నాయా అని పరీక్షించే పని కూడా ఈ రంగానికి దగ్గరి మెట్టు.

చదువు విషయానికొస్తే, ఇంటర్ ఏ గ్రూపు అయినా యూసీడ్ రాసి డిజైన్ డిగ్రీ అయిన బీడెస్‌లో చేరొచ్చు. పరీక్ష నిర్వహించేది ఐఐటీ బాంబే. సీట్లు ఐఐటీ హైదరాబాద్, గువాహటి వంటి చోట్ల కూడా ఉన్నాయి. డిగ్రీ తర్వాత ఎండెస్‌కు సీడ్ రాయాలి. ఐఐటీ బాంబేలోని డిజైన్ స్కూల్ ఐడీసీ అక్షరకళకు చాలాకాలంగా పేరున్న చోటు. టైపోగ్రఫీ డే సదస్సు 2008లో అక్కడే మొదలైంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) ఆంధ్రప్రదేశ్‌లో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది. దానికి ఎన్‌ఐడీ సొంత ప్రవేశ పరీక్ష డాట్ వేరు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్, కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఖర్చు భరించగలిగే దారులు. యూసీడ్, సీడ్ సాధారణంగా జనవరిలో జరుగుతాయి, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే తెరుచుకుంటాయి. పక్కా తేదీలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలోనే చూడండి. ఈ ఒక్క విద్యకే అంకితమైన కోర్సు కావాలంటే ఇంగ్లండ్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయం, నెదర్లాండ్స్‌లో ద హేగ్‌లోని టైప్ మీడియా ఉన్నాయి. రీడింగ్‌లో లాటిన్‌తో పాటు మరో లిపి మీద పనిచేసే సంప్రదాయం బలంగా ఉంది. ఖర్చు ఎక్కువ. పని చూపించి స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే తప్ప అప్పు చేసి వెళ్లమని నేను చెప్పను.

డిగ్రీ లేకపోయినా తలుపులు మూసుకోవు. డీటీపీలో పదేళ్లు తెలుగు పేజీలు పెట్టినవాళ్లకు ఒత్తుల మీద ఉండే పట్టు చాలామంది పట్టభద్రులకు ఉండదు. ఫాంట్లు గీసే సాఫ్ట్‌వేర్లలో ఫాంట్‌ఫోర్జ్ ఉచితం, మామూలు కంప్యూటర్లో నడుస్తుంది. గ్లిఫ్స్‌కు మ్యాక్ కావాలి. ఫాంట్‌ల్యాబ్ విండోస్‌లోనూ పనిచేస్తుంది, కానీ కొనాలి. దొంగ కాపీలతో నేర్చుకుని ఇతరులు తన ఫాంట్‌ను కొనాలని ఆశించడం కుదరదు కాబట్టి ఉచితమైన దానితోనే మొదలుపెట్టండి.

చూపించాల్సిన పని

పోర్ట్‌ఫోలియోలో పది ఫాంట్ల పేర్లు ఉండక్కర్లేదు. ఒక చిన్న గుండ్రని ఫాంట్, అది ఎలా తయారైందో చూపే పేజీలు చాలు. ఇంగ్లిష్‌లో చిన్న ఎన్, ఓ, పెద్ద హెచ్, ఓ గీసి వాటి మధ్య ఖాళీలు కుదిరే దాకా మరో అక్షరం ముట్టుకోకండి. తెలుగులో ర, ప, ల, న, క, మ మొదటి వరుస. వీటిలో వంపు, తలకట్టు, తెరిచిన సందు అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత కొమ్ము, గుడి, ఏత్వం. తర్వాతే ఒత్తులు. ప్రతి దశలో ముందు చేత్తో కాగితం మీద గీసి, ఆ కాగితాలు దాచండి. ఎంపిక చేసేవాళ్లు తుది ఫాంట్ కన్నా ఆ కాగితాలను ఎక్కువసేపు చూస్తారు, ఎందుకంటే ఆలోచన అక్కడే కనిపిస్తుంది.

రాష్ట్రం, శాస్త్రం, స్వాతంత్ర్యం, పాట, వాట, ధర, దర వంటి మాటలతో పరీక్ష పేజీ తయారుచేయండి. దాన్ని అచ్చు తీసి గోడకు అంటించి గదిలో అవతలి చివర నుంచి చదవండి. చిన్న సైజులో పాత ఫోన్ మీద చూడండి. ఇంట్లో కళ్లజోడు పెట్టుకునే పెద్దవాళ్ల చేత చదివించి, వాళ్లు ఆగిన మాటలు రాసిపెట్టుకోండి. ఆ జాబితా, దాని ఆధారంగా మీరు మార్చిన అక్షరాలు పక్కపక్కన పెడితే అంతకన్నా బలమైన పేజీ ఉండదు.

ఫాంట్‌ను ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద విడుదల చేస్తే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మీ పేరు దానితో నిలుస్తుంది. విడిగా ఫాంట్‌ను మాత్రమే అమ్ముకోవడానికి ఆ లైసెన్స్ ఒప్పుకోదు. మరొకరి ఓపెన్ ఫాంట్ మీద పనిచేస్తే మూలకర్త పేరు చెప్పి, లైసెన్స్ కాగితం జతచేయండి. మూలకర్త తనకే రిజర్వ్ చేసుకున్న ఫాంట్ పేరు ఉంటే మీ మార్పులకు మరో పేరు పెట్టండి.

ఇవేవీ పూర్తి కాకముందే చేయగలిగిన పని ఒకటుంది. గూగుల్ ఫాంట్స్‌లోని చాలా ఫాంట్ల మూల ఫైళ్లు గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉంటాయి. తెలుగు ఫాంట్లలో ఎక్కడైనా ఒత్తు పక్క అక్షరాన్ని గుద్దుకున్నా, గుణింతం తప్పు రూపంలో వచ్చినా అక్కడ ఇష్యూ నమోదు చేయండి. ఏ మాట, ఏ ఫోన్ లేదా బ్రౌజర్, అది ఎలా కనిపించింది, ఎలా కనిపించాలి అన్న నాలుగు విషయాలు రాసి స్క్రీన్‌షాట్ జతచేస్తే చాలు. సరిచేసిన ఆకారాన్ని కూడా పంపగలిగితే ఇంకా మేలు. ఫాంట్ తయారుచేసేవాళ్లు ఆ పేజీలు చదువుతారు, జాగ్రత్తగా రాసిన పేర్లు గుర్తుపెట్టుకుంటారు.